పస్తు

కొంతకాలము క్రిందట మా గ్రామ కార్యక్రమములో ఒక సంభాషణ ప్రసారమైనది. పని దొరకని కూలివారు రెండు దినములు ఉపవాసముండిరని అందులో ఒక వాక్యమున్నది. వారము తిరుగకముందే ఒక శ్రోత కార్డు వ్రాసినారు: “అయ్యా, ఏకాదశినాడు ఉండేది ఉపవాసము. కూలి లేనినాడు ఉండేది పస్తు.” ఆ వాక్యము వ్రాసినది మేమే. పస్తు అన్న మాట చెవికి మోటుగా నుండునని పెద్దమాట వేసితిమి.

ఉపవాసమనగా సమీపమున వసించుట. దేవుని సన్నిధి నుండుట. ఉపవాసమున్నవాని యింట బియ్యమున్నది, పొయ్యి యున్నది, ద్వాదశినాడు పారణ యున్నది. పస్తునకు పారణ ఎప్పుడో ఎవరు చెప్పగలరు? తమిళులు ఆకలిని పసి యందురు, కన్నడిగులు హసివు అందురు; మన పస్తు ఆ కుటుంబములోనిదే. మనము మాత్రము ఆకలికి వేరు మాట ఉంచుకొని, దీనిని తిండిలేని పూటకు వాడుకొంటిమి.

ఈ రెండు మాటల నడక చూడుడు. ఆకలి ‘వేయును’, ‘అగును’, దానిని లెక్కపెట్టము. పస్తులనో, ఒకటి, రెండు, మూడు అని లెక్కింతుము. ‘మూడు పస్తులైనవి’ అన్నవానికి ప్రతి పూటయు జ్ఞాపకమున్నదన్నమాట. పస్తు ‘పడుకొందురు’ కూడను. ఉపవాసము పడుకొంటిమని ఎవరైన అనగా వింటిరా?

కలిగిన యిండ్లలో ఈ మాట అలిగిన పిల్లవాని కొరకే బయటికి వచ్చును: “పస్తు పడుకోగూడదు నాయనా, రెండు ముద్దలు తిని పడుకో.” లేని యింట అది అసలు వినబడదు. కుండలో మిగిలినది పిల్లలకు వడ్డించి తల్లి, “నాకు ఆకలిగా లేదు, మీరు తినండి” అనును. అక్కడ ఆకలి అను మాట పస్తును కప్పిపుచ్చుచున్నది. పిల్లలు నమ్ముదురు, చాల యేండ్ల తరువాత గాని అర్థము కాదు. మాలో కొందరికి అట్లే అర్థమైనది.

అయితే పస్తు ఒక్కటే కొలతయు కాదు. ధాత కరువున, 1877లో, మదరాసు రాజధానిలో కరువుపనికి వచ్చిన పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యము, ఒక అణాగా తగ్గించిరి. అది తిని రాళ్లు కొట్టినవాడు పస్తున్నాడనుటకు వీలులేదు. ఆకలి తీరినదనుటకును వీలులేదు.

సంభాషణను మరల ప్రసారము చేసినప్పుడు ‘పస్తు’ అనియే ఉంచితిమి. ఆ శ్రోత మరల కార్డు వ్రాయలేదు.