సముద్రం దాటినవాళ్లకు మస్టరేది?



భూగర్భ గనిలోకి దిగే ప్రతి మనిషి పేరూ పైన రిజిస్టరులో ఉంటుందన్న సంగతి గోదావరిఖనిలో పెరిగి ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏ క్షణంలో తెరిచి చూసినా ఆ సమయానికి భూమి కింద ఉన్న ప్రతి ఒక్కరి పేరూ ఆ పుస్తకం చూపించి తీరాలని 1952 నాటి గనుల చట్టం 48వ సెక్షన్‌లోనే రాశారు. మస్టర్ (హాజరు) పడనిదే మనిషి దిగడు. షిఫ్టు అయిపోయాక ల్యాంప్ రూముకు ఒక్క లైటు తిరిగి రాకపోయినా పైనున్నవాళ్లు ఊరుకోరు. ఆ లైటు ఎవరిది, ఏ ఫేసులో పనిచేశాడు, చివరిసారి ఎవరు చూశారు అని వెతుకుతారు. ఇలా లెక్కలో ఉండే హక్కు ఊరికే రాలేదు. ఎన్నో ప్రమాదాల తర్వాత, ఎన్నో పోరాటాల తర్వాత వచ్చింది.

ఇదే ఊరి కుర్రాడు శంషాబాద్‌లో విమానం ఎక్కి దమ్మామ్‌కో దోహాకో పోతాడు. అతని పేరు ఏ రిజిస్టరులో ఉంది? రెండేళ్లకు తిరిగి రాకపోతే ఎవరు అడుగుతారు? తల్లి అడుగుతుంది. ఆమె కాక ఇంకెవరు అడుగుతున్నారన్న దాని గురించే ఈరోజు మాట్లాడదామనుకున్నాను. మనుషులు ఎందుకు దేశాలు దాటుతున్నారు, దాటినవాళ్లు ఏమవుతున్నారు, వెనక మిగిలిన ఇల్లు ఎలా నడుస్తోంది అని బతుకంతా అడుగుతూ ఉండే వలస పరిశోధకులు ఉన్నారు. నేనూ ఆ పని చేసేవాళ్లలో ఒకణ్ణి. ఇంత చిన్న గుంపు చాలదని, మీలో కొందరు ఇందులోకి రావాలని అడగడానికే వచ్చాను.

ముందు లెక్కల సంగతి. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. దాని కింద, పదో తరగతి పాసు కానివాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ క్లియరెన్సు తీసుకోవాలి. ఆ క్లియరెన్సు తీసుకున్నవాళ్ల సంఖ్య మన దగ్గర ఉంది. పదో తరగతి దాటితే ఆ అవసరం లేదు. నర్సుల వంటి ఒకటి రెండు మినహాయింపులు తప్పిస్తే, ఇక్కడ కూర్చున్న మీలో ఎవరు రేపు కువైట్ పోయినా ఆ లెక్కలోకి రానక్కర్లేదు. విజిట్ వీసా మీద పోయి అక్కడే పనికి కుదిరినవాళ్లు అసలే రారు. జనగణన ఇంట్లో ఉన్నవాళ్లను లెక్కపెడుతుంది, ఇల్లు విడిచి దేశం దాటినవాళ్లను కాదు. అందుకే తెలంగాణ నుంచి గల్ఫ్‌లో ఎంతమంది ఉన్నారని అడిగితే లక్షల తేడాతో అంకెలు వినిపిస్తాయి. అవన్నీ అంచనాలే.

పైసల లెక్క మాత్రం దొరుకుతుంది. 2024లో ప్రవాసులు భారతదేశానికి పంపిన డబ్బు సుమారు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. ప్రపంచంలో ఏ దేశానికీ అంత రాలేదు. పంపిన డబ్బు లెక్కించగలిగిన మనం పంపిన మనిషిని లెక్కించలేకపోవడం నాకు మింగుడుపడదు.

ఇది సాధ్యం కాని పనీ కాదు. 1998లో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో కె.సి. జకరయ్య, ఎస్. ఇరుదయ రాజన్, వారి సహచరులు కేరళ వలస సర్వే మొదలుపెట్టారు. కేరళ అంతటా సుమారు 10 వేల ఇళ్లను ఎంచుకుని తలుపులు తట్టారు. వాళ్లు అడిగిన తీరు చూడండి. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న దగ్గర ఆగలేదు. ఈ ఇంటి మనుషుల్లో ఇప్పుడు బయటి దేశంలో ఎవరున్నారు, పోయి తిరిగొచ్చినవాళ్లు ఎవరు, పోవడానికి ఎంత ఖర్చయింది, వచ్చిన డబ్బు దేనికి పోయింది అని అడిగారు. అప్పటికి 13 లక్షల పైచిలుకు మలయాళీలు బయటి దేశాల్లో ఉన్నారని తేలింది. అయిదేళ్లకోసారి మళ్లీ అడుగుతూ పోయారు. 2013లో 24 లక్షలకు చేరిన సంఖ్య 2018 నాటికి 21 లక్షలకు తగ్గిందని చెప్పగలిగారు. కరోనా వచ్చి మనుషులు విమానాల్లో వెనక్కి రావడం మొదలైనప్పుడు కేరళ చేతిలో రెండు దశాబ్దాల లెక్క ఉంది. మనకంటే తెలివైనవాళ్లని కాదు, ఓపికగా ప్రతిసారీ అదే ప్రశ్న మళ్లీ అడిగారు, అంతే.

లెక్క ఉంటే ఏమవుతుందని మీరు అడగవచ్చు. ఖతర్ సంగతి చెబుతాను. నేపాల్ నుంచి పనికి పోయినవాళ్లు అక్కడ చనిపోతే కాయితం మీద 'గుండె ఆగి' అని రాసి పంపేవారు. మన జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లకు వచ్చిన పెట్టెల వెంట కూడా అలాంటి కాయితాలే వచ్చాయి. పాతికేళ్లూ ముప్ఫయ్యేళ్లూ ఉన్నవాళ్ల గుండెలు ఇంతమందివి ఎందుకు ఆగుతున్నాయి? 2019లో 'కార్డియాలజీ' అనే వైద్య పత్రికలో ఒక పరిశోధక బృందం జవాబు అచ్చువేసింది. 2009 నుంచి 2017 వరకు జరిగిన మరణాలను ఆయా నెలల ఎండ వేడితో పక్కపక్కన పెట్టి చూశారు. గుండె జబ్బు కింద రాసిన 571 మరణాల్లో దాదాపు 200 వేడి నుంచి సరైన రక్షణ ఉంటే తప్పేవని తేల్చారు. నేపాల్ ప్రభుత్వం దగ్గర చనిపోయినవాళ్ల రికార్డు ఉండబట్టే ఆ పని కుదిరింది. 2021లో ఖతర్ నిబంధన మార్చింది: జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. ఆ ఒక్క వ్యాసం వల్లే ఇది జరిగిందని నేను అనను. కార్మిక సంఘాలు, పత్రికలు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏళ్ల తరబడి ఒత్తిడి తెచ్చాయి. అయితే 'గుండె ఆగింది' అన్న మాట వెనక ఎండ ఉందని రుజువు చేసింది పరిశోధకులే. రామగుండం ఎండల్లో ఓపెన్‌కాస్టు మీద పనిచేసినవాళ్ల పిల్లలు మీరు. ఆ రుజువు విలువ మీకు విడమరచి చెప్పాలా?

మన రాష్ట్రం సంగతికి వస్తే, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మంచి నిర్ణయం. కానీ అందుకోవాలంటే కాయితం కావాలి. కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, విడిచి వేరే చోట పనికి పోయిన మనిషిని, అకామా (నివాస అనుమతి) లేక దాక్కుని బతికిన మనిషిని మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. అతను చనిపోతే ఆ భార్య ఏ కాయితం తెస్తుంది?

వెనక మిగిలిన ఆ భార్య గురించి కొంచెం ఆగి చెప్పాలి. చాలాకాలం వలస పరిశోధన అంటే పోయిన మగవాడి గురించే. 1993లో లీలా గులాటి కేరళలో గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో మిగిలిన ఆడవాళ్ల మీద పుస్తకం రాశారు. నన్ను ఈ దారిలో పెట్టిన పుస్తకాల్లో అదొకటి. మన దగ్గర ఆ ఆడవాళ్లు బీడీలు చుడుతూ ఉంటారు. వీసాకు తెచ్చిన అప్పెంత, నూటికి రెండు రూపాయల మిత్తో మూడు రూపాయల మిత్తో, ఏ నెలలో ఎంత కట్టారో వాళ్లు చేతిలో ఆకు ఆపకుండానే చెబుతారు. మగవాడిని అడిగితే జీతం చెబుతాడు, ఆమెను అడిగితే నిజంగా ఎంత మిగిలిందో చెబుతుంది. ఇక ఆడవాళ్లే పోయే వలస కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఉంది. 30 ఏళ్లు నిండని స్త్రీకి ఇంటిపనికి క్లియరెన్సు ఇవ్వరు. రక్షణ కోసం పెట్టిన ఆ నియమమే చాలామందిని దొంగదారి ఏజెంట్ల చేతుల్లోకి నెట్టింది. ఈ చిక్కును ప్రవీణ కోడోత్ వంటి పరిశోధకులు ఆ స్త్రీల నోటి నుంచే విని రాశారు.

అబ్దెల్‌మాలెక్ సయాద్ అనే అల్జీరియా సామాజికవేత్త ఫ్రాన్స్‌లో ఉంటూ తనవాళ్ల వలసను అధ్యయనం చేశాడు. ఆయన పట్టుబట్టి చెప్పిన విషయం ఒకటే. దిగిన దేశంలో మొదలుపెట్టి వలసదారుడి కథ రాస్తే అది సగం కథ. అతను పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టాలి. మన దగ్గర ఆ మొదటి సగం రాయగలవాళ్లు ఎవరు? హైదరాబాద్ నుంచి సిడ్నీ దాకా తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లను కన్సల్టెన్సీలు ఎలా తిప్పుతాయో, పని లేని రోజుల్లో బెంచీ మీద ఎలా కూర్చోబెడతాయో, వాళ్ల చదువుకు కట్నం డబ్బు ఎలా చేరుతుందో 2007లో పుస్తకం రాసినవాడు షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు. ఆయన పట్ల నాకెంతో గౌరవం. అయినా మన ఇంటి కట్నాల కథ ఒక చైనా ఆయన వచ్చి చెప్పేదాకా మనం ఆగామన్నది బాధగా ఉంటుంది.

మనవాళ్లు అసలు లేరని కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1996లోనే ప్రవాస భారతీయుల అధ్యయన కేంద్రం ఏర్పడింది. అక్కడ సామాజిక శాస్త్రం బోధించిన అపర్ణ రాయప్రోలు పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం చుట్టూ అల్లుకున్న స్త్రీల జీవితాల మీద 1997లో పుస్తకం తెచ్చారు. ఉస్మానియాలో చరిత్ర ఆచార్యులుగా పనిచేసిన అడపా సత్యనారాయణ దక్షిణ భారత కూలీలు బర్మాకు, మలయాకు పోయిన చరిత్రను తవ్వి తీశారు. కోరంగి రేవు దాటి రంగూన్ పోయిన తెలుగు కూలీకి ముందుగా ఓడ ఖర్చులకు డబ్బిచ్చేది మేస్త్రీ. కూలీ చేతికి రావాల్సిన జీతంలోంచి అదంతా గుంజుకునేదీ మేస్త్రీయే. 1930 మే నెలలో రంగూన్ రేవులో మనవాళ్లు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. తర్వాత జరిగిన అల్లర్లలో ఎందరో తెలుగువాళ్లు చచ్చిపోయారు. ఆ చరిత్ర చదివినవాడికి ఇవాళ్టి సబ్ ఏజెంటు కొత్త మనిషిలా కనిపించడు. అప్పు ఇచ్చి పంపేవాడే అప్పు పేరుతో కట్టేస్తాడన్నది వందేళ్లుగా మారలేదు.

గోదావరిఖని కూడా వలసతో పుట్టిన ఊరే. 1960ల్లో గనులు తెరిచాక మంథని, సుల్తానాబాద్, హుజూరాబాద్ వైపు పల్లెల నుంచీ ఇంకా దూరం నుంచీ వచ్చినవాళ్లు కట్టిన ఊరిది. ఎక్కువమంది దగ్గరి దూరాలకే కదులుతారని 1885లోనే రావెన్‌స్టైన్ అనే ఆయన బ్రిటన్ జనగణన చూసి చెప్పాడు. మీ తాతల తరానికి అది సరిపోయింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇవాళ 40 వేల దగ్గరకు వచ్చారు. భూగర్భ ఇంక్లైన్లు మూతబడి ఓపెన్‌కాస్టులు వచ్చాయి. ఇంతమంది చేసే పని యంత్రాల చేతికి పోయాక తర్వాతి తరం ఏ దారి పట్టిందో రాసినవాళ్లు అరుదు. యైటింక్లయిన్ కాలనీలో, పవర్ హౌస్ కాలనీలో ఒక్కో క్వార్టర్ తలుపు తట్టి, తాత ఎక్కడి నుంచి వచ్చాడు, తండ్రి ఎప్పుడు దిగిపోయాడు, కొడుకు ఎక్కడున్నాడు అని మూడు తరాలూ కలిపి రాస్తే అది పెద్ద పరిశోధన. దానికి మీకంటే తగినవాళ్లు లేరు. ఆ తలుపు మీకే తెరుచుకుంటుంది.

ఈ పనిలో ఒక జాగ్రత్త తప్పదు. గని రిజిస్టరులో పేరు రాస్తే మనిషికి రక్షణ. దుబాయ్‌లో అకామా లేని మనిషి పేరు అచ్చయితే అతనికి జైలు. కాబట్టి లెక్కలోకి ప్రతి మనిషీ రావాలి, అచ్చులోకి ప్రతి పేరూ రాకూడదు. అడిగేముందు అనుమతి తీసుకోండి. చెప్పనన్నవాళ్లను బలవంతపెట్టకండి. రాసిందేమిటో చెప్పినవాళ్లకు వాళ్ల భాషలోనే చదివి వినిపించండి. ఊళ్లకొచ్చి కథలు పట్టుకుపోయి, మళ్లీ ముఖం చూపించని పరిశోధకులను జనం ఇప్పటికే చాలామందిని చూశారు.

అందరూ పీహెచ్‌డీ చేయాలని నేనడగను. మీలో ఉద్యోగానికి పోయేవాళ్లున్నారు, విదేశాలకు పోయేవాళ్లున్నారు, పోవాలి కూడా. నా విన్నపం ఇంతే. ఈ సెలవుల్లో ఒక్కొక్కరూ మీ వాడలో కొన్ని ఇళ్లు ఎంచుకోండి. బయటి దేశంలో ఎవరున్నారు, ఏ సంవత్సరం పోయారు, ఎవరి ద్వారా పోయారు, అప్పెంత, తీరిందా లేదా, ఏ వీసా, ఈ ప్రశ్నలు చాలు. పేర్లు వేరే పుస్తకంలో తాళం వేసి పెట్టండి. మిగతాది మీ అధ్యాపకులకు అప్పగించండి. అయిదేళ్ల తర్వాత మీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ అవే ఇళ్లకు పోయి అవే ప్రశ్నలు అడిగేలా కళాశాల చూడాలని ప్రిన్సిపాల్ గారిని ఈ వేదిక మీదే కోరుతున్నాను. ముందు మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి.