మా వసతిగృహం నేర్పిన నాలుగు మాటలు

(సంఘం సాంస్కృతికోత్సవ సభలో పూర్వ విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

  

మా వసతిగృహం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. 2015లో డిగ్రీలో చేరి 2018లో బయటికి వచ్చిన బ్యాచ్ మాది. హనుమకొండలో గిరిజన విద్యార్థుల వసతిగృహంలో మేడ మీద చివరి గది. ఆ గదిలో మేము తొమ్మిది మందిమి. ఇప్పుడు చదువుతున్న ఈ మాటలు మాత్రం ఎనిమిది మందిమి కూర్చుని రాసుకున్నవి. తొమ్మిదో వాడి సంగతి కూడా చెబుతాం. అసలు చెప్పాలనుకున్నది అదే.

ముగ్గురు గోండులు, ముగ్గురు లంబాడాలు, ఇద్దరు కోయలు, ఒక కొలాం తమ్ముడు. ఇంటి దగ్గర ఉన్నంతకాలం మాలో ఎవరమూ 'నేను గిరిజనుణ్ణి' అని చెప్పుకుని ఎరగం. గోండులూ కోయలూ తమను తాము కోయితూర్ అనుకుంటారు. తండాలో మేము గోర్ అనుకుంటాం. అడ్మిషన్ ఫారంలో ఎస్టీ అన్న గడిలో అందరమూ ఒకే టిక్కు పెట్టాం. అలా ఒక కాగితం మమ్మల్ని ఒక గదిలో వేసింది. ఆ తర్వాత ఒకటి కావాల్సిన పని మాది.

ఆ పని నల్లా దగ్గర మొదలైంది. పొద్దున అయిదింటికి నీళ్లు వచ్చేవి, గంటలో పోయేవి. బకెట్లు రాత్రే వరుసలో పెట్టి పడుకునేవాళ్లం. నీళ్లు రాగానే ఒకరు 'ఏర్' అని అరిచేవారు, ఒకరు 'పాణి' అని, ఒకరు 'నీళ్లు' అని. వారం తిరగకముందే ఎవరు ఏ మాట అరిచినా తొమ్మిది మందిమీ లేచేవాళ్లం. ఇంటి నుంచి వచ్చిన ప్రతివాడి సంచీ గది మధ్యలో విప్పేవాళ్లం. జొన్నరొట్టెలు, పల్లీలు, మామిడికాయ తొక్కు ఏమున్నా రెండో రోజుకు మిగిలేది కాదు. ఒకరికి జ్వరమొస్తే ఇద్దరు దవాఖానకు, ఒకరు మెస్సుకు గంజి కోసం. దీనికి ఎవరూ డ్యూటీలు వేయలేదు.

కాలేజీలో మాత్రం మేమంతా తెలుగు మాట్లాడేవాళ్లమే. మా భాష నోట్లోంచి వస్తే క్లాసులో ఎవరో ఒకరు నవ్వుతారని భయం. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఒక్కొక్కరం మెల్లగా దాబా మీదికి జారుకునేవాళ్లం. ఒక రాత్రి చూస్తే దాబా మీద ఏడుగురం ఉన్నాం. ఒక మూల గోండి, ఒక మూల గోర్‌బోలి. కోయ తమ్ముళ్లకు భాష సగమే వచ్చు, అయినా తాతతో ఆ సగమే మాట్లాడుతున్నారు. ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఇంతమందిమి ఒకే సిగ్గును విడివిడిగా దాచుకుంటున్నామని ఆ రాత్రి తెలిసింది. తర్వాత ఫోన్ కోసం దాబా ఎక్కడం మానేశాం.

మా కొలాం తమ్ముడు ఆ రాత్రి దాబా మీద లేడు. వాళ్ల గూడెంలో ఫోన్ సిగ్నల్ లేదు.

2016 సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన తమ్ముడు మళ్లీ రాలేదు. పరుపు, ప్లేటు, ట్రంకు పెట్టె అట్లాగే ఉన్నాయి. పరీక్ష ఫీజు కట్టే నెల అది. డబ్బుల్లేక ఆగిపోయాడని మేమే అనుకున్నాం. ఇంకెవరూ అట్లా ఆగిపోవద్దని ఒక గల్లా డబ్బా పెట్టాం. నెలకు తలా ఇరవై రూపాయలు. స్కాలర్‌షిప్ వచ్చిన నెల యాభై. తాళంచెవి ఒక లంబాడా తమ్ముడి దగ్గర, లెక్కల నోటుబుక్కు ఒక గోండు తమ్ముడి దగ్గర. ఇద్దరూ ఉంటేనే డబ్బా తెరవాలని నియమం. పక్క గదులవాళ్లు కూడా చేరారు. ఆ డబ్బా నుంచి పరీక్ష ఫీజులు పోయాయి, బస్సు చార్జీలు పోయాయి.

ఆ ఏడు దీపావళికి గోండు తమ్ముళ్లు దండారికి పిలిస్తే కొందరం వాళ్ల ఊరికి పోయాం. గుస్సాడి నెమలి ఈకల టోపీలు, ఊరి నుంచి ఊరికి విడిదికి పోయే బృందాలు, అదంతా కళ్లారా చూడడం మాలో చాలామందికి మొదటిసారి. అక్కడి నుంచి కొలాం గూడెం దగ్గరే. పోయాం. తమ్ముడు పత్తి చేనులో ఉన్నాడు. ఫీజు డబ్బులు గల్లాలో ఉన్నాయి, వచ్చెయ్ అన్నాం. అప్పుడు తను చెప్పిన మాట ఇది: "ఫీజు మా నాయన అప్పుడే తెచ్చి పెట్టిండు. మీరంతా మంచోళ్లే అన్నా. నేను మీతోని గోండి మాట్లాడిన, తెలుగు మాట్లాడిన. నా మాట మాత్రం ఒక్కటన్న మీరు అడగలే. ఆరు నెలలు నా మాట నా చెవిన పడలే."

మేము ఏమీ అనలేకపోయాం. వాళ్ల అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. దీన్ని ఏమంటారని అప్పుడు అడిగాం. 'ఈర్' అంది. గోండిలో ఏర్, కొలామీలో ఈర్. ఒక్క అక్షరం దూరం. ఆరు నెలలు ఒకే నల్లా దగ్గర నిలబడి ఆ ఒక్క అక్షరం మేము దాటలేదు.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. 2017 ఆఖరున ఆదిలాబాద్ వైపు ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య గొడవ రాజుకుంది. 1976 సవరణతో తెలంగాణ ప్రాంతంలో లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. దాన్ని తీసేయాలని ఒక వాదన, అది మా హక్కు అని ఇంకొక వాదన. ఆ గొడవ ఫోన్లలోకి, ఫోన్ల నుంచి మా గదిలోకి వచ్చింది. మెస్సులో బల్లలు విడిపోయాయి. రెండేళ్లు ఒకే సంచీలో చేతులు పెట్టి తిన్నవాళ్లం ఎదురుపడితే తల తిప్పుకున్నాం.

ఆ రోజుల్లో ఒక జూనియర్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పరీక్ష ఫీజుకు మర్నాడే ఆఖరు తేదీ. తాళంచెవి ఒకరి దగ్గర, నోటుబుక్కు ఇంకొకరి దగ్గర. ఆ ఇద్దరికీ మూడు వారాలుగా మాటల్లేవు. ఒకరు లేచి తాళం తీశారు. ఒకరు నోటుబుక్కు తెరిచి లెక్క రాశారు. ఒక్క మాట లేదు. మర్నాడు కూడా బల్లలు వేరుగానే ఉన్నాయి. కానీ డబ్బా మూతపడలేదు.

జనవరి ఆఖరున మేడారం జాతర వచ్చింది. కోయ తమ్ముళ్లు అందర్నీ లేవదీసి బస్సెక్కించారు. ఆ ఇద్దరూ సమ్మక్క తల్లికి ఎత్తు బంగారం, అంటే బెల్లం దిమ్మ, విడిగా కొనడానికి డబ్బులు చాలక కలిపి ఒకటే కొన్నారు. దాన్ని ఎవరు మోయాలన్న దగ్గర మాట కలిసింది. జాబితా గురించిన వాదన మా గదిలో తేలలేదు, ఈరోజుకీ మా ఎనిమిది మందిలో తేలలేదు. అది తేలేలోపు పిల్లల ఫీజు ఆగకూడదన్న ఒక్క మాట మీద మాత్రం అందరం ఉన్నాం.

ఇప్పుడు వసతిగృహాల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రెండు విన్నపాలు. ఒకటి, మీ గదిలో గల్లా డబ్బా పెట్టుకోండి. తాళం ఒకరికి, లెక్క ఇంకొకరికి ఇవ్వండి. ఆ ఇద్దరూ వేర్వేరు తెగలవాళ్లయి ఉండాలి. రెండు, మీ గదిలో ఎవరి భాష మాట్లాడేవాళ్లు అందరికంటే తక్కువో చూడండి. కొలాం కావచ్చు, తోటి కావచ్చు, నాయకపోడు కావచ్చు, చెంచు కావచ్చు. వాళ్లింట్లో నీళ్లను, అన్నాన్ని, అమ్మను ఏమని పిలుస్తారో మొదటి వారంలోనే అడగండి. మేము ఏడాది ఆలస్యంగా అడిగాం.

మా తొమ్మిదో తమ్ముడు ఇప్పటికీ చేను చేసుకుంటున్నాడు. మళ్లీ కాలేజీకి రాలేదు. ఈ సభకు పిలిచాం, పత్తి ఏరే పని ఉందన్నాడు. ఈ ప్రసంగం రాసుకున్నాక తన గూడేనికి పోయి చదివి వినిపించాం. అంతా విని ఒకటే అన్నాడు: "మొదట మా మాట రాయండి."

అందుకే మా నల్లా దగ్గరి నాలుగు మాటలు ఆ వరుసలోనే చెప్పి ముగిస్తాం. ఈర్, ఏర్, పాణి, నీళ్లు.