మీ పేరు వెదకితే ఏమి కనబడుతుంది?

ఈ ఉదయం మన పేరును గూర్చి ధ్యానించుదాము. బాప్తిస్మపు రిజిస్టరులో వ్రాసిన పేరు కాదు. ఉద్యోగమిచ్చేవారు మనలను పిలువక ముందే ఇంటర్నెట్‌లో వెదకి చూచే పేరు. ధనమా, మంచి పేరా అంటే పేరునే ఎన్నుకోవాలని సామెతల గ్రంథము 22వ అధ్యాయము మనకు నేర్పుతున్నది. అయితే ఆ పేరు ఎలా వస్తుంది?

గత సంవత్సరం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక యౌవనస్థుడు నాదగ్గరకు వచ్చాడు. తల్లి కుట్టుమిషను మీద బట్టలు కుట్టి అతన్ని చదివించింది. అమీర్‌పేటలో కోర్సు చేశాడు, రెండేళ్లయినా ఉద్యోగం లేదు. ఒక కన్సల్టెన్సీవారు డబ్బు తీసుకొని, మూడేళ్లు పనిచేసినట్లు కాగితాలు ఇచ్చారట. లింక్డ్‌ఇన్‌లో కూడా అలాగే పెట్టాడు. “అయ్యగారూ, రిఫరెన్సుగా మీ నంబరు ఇచ్చాను. వాళ్లు ఫోన్ చేస్తే, అవును, మూడేళ్లు ఉద్యోగం చేశాడని ఒక్క మాట చెప్పండి, చాలు” అన్నాడు.

ప్రియులారా, నేను వెంటనే కాదనలేదు. దైవసేవకుడనైన నేను అది ఒప్పుకోవాలి. ఆ తల్లి ముఖం నా కళ్లముందు కదిలింది. రేపు చెప్తానని పంపించివేశాను.

ఆ రాత్రి అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం తెరిచాను. అననీయ, సప్పీరా పొలం అమ్మారు. ఆ సొమ్ము వారిదే, ఉంచుకొనే స్వేచ్ఛ వారికున్నదని పేతురే చెప్పాడు. కొంత తెచ్చి, ఇంతే తెచ్చామని చెప్పియుంటే నింద లేదు. కానీ అంతా ఇచ్చినవారనే పేరు కావలసివచ్చింది. దానికి ముందు వచనాలలోనే బర్నబా పొలం అమ్మి డబ్బంతా తెచ్చిన సంగతి ఉన్నది. ఆయన పేరే వారిని ఊరించిందేమో అని నాకు తోస్తుంది.

మరునాడు ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, నేను ఆ మాట చెప్పలేనన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను. “బాబూ, నేను అబద్ధమాడినా ప్రావిడెంట్ ఫండ్ ఆడదు. 2014 నుండి చందాదారులకు 12 అంకెల యూఏఎన్ నంబరు ఇస్తున్నారు. ఏ సంస్థలో ఎప్పుడు చేరాడో, ఎప్పుడు మానాడో దానిలో తెలుస్తుంది. కంపెనీలు అది అడిగి చూస్తున్నాయి.”

మరి మన గూర్చి ఉన్నదానిని తీసివేయమని అడగడమే తప్పా? కాదు. స్పెయిన్ దేశస్థుడైన మారియో కోస్తెహా గొన్సాలెస్ సంగతి వినండి. సామాజిక భద్రతా బాకీల నిమిత్తం ఆయన ఆస్తి వేలం ప్రకటన 1998లో లా వాంగ్వార్దియా పత్రికలో వచ్చింది. ఆ వ్యవహారం ఎప్పుడో ముగిసిపోయింది. ఏళ్లు గడచినా గూగుల్‌లో ఆయన పేరు కొడితే అదే కనబడేది. 2010లో ఫిర్యాదు చేశాడు. కాలం చెల్లిన అట్టి సమాచారపు లింకులను, పేరుతో వెదకినప్పుడు చూపకుండా తీసివేయించుకొనే హక్కు మనిషికి ఉండగలదని 2014 మే 13న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆయన బాకీ పడలేదని చెప్పలేదు, గమనించండి. ముగిసిపోయినదానిని తన పేరుకు ఎల్లకాలము అంటగట్టవద్దన్నాడు. (మరుగున పడాలని కోరిన ఆయన పేరు ఈ తీర్పుతో లోకమంతటికీ తెలిసింది, అది వేరే సంగతి.)

మీరును ఈ వారం మీ పేరు వెదకి చూడండి. కోపంలో పాత యజమానిని తిట్టి వ్రాసినది ఉంటే తీసివేయండి. వీలైతే ఆయనకు ఫోన్ చేయండి.

ఆ అబ్బాయి నా ఎదుటనే ఫోన్ తీసి ఆ మూడేళ్లు తొలగించాడు. వాటి స్థానంలో తన కోర్సును, మా సండేస్కూలు పిల్లల హాజరు కొరకు తాను తయారుచేసిన చిన్న ప్రోగ్రామును వ్రాశాడు. దానికి మాత్రం ఎవరు ఫోన్ చేసినా నేను సాక్ష్యమిస్తానన్నాను, కళ్లతో చూచాను గనుక. కన్సల్టెన్సీకి కట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఉద్యోగమూ ఇంకా రాలేదు. పేరు చెప్పకుండా ఈ సంగతి మీతో పంచుకొమ్మని అతడే అన్నాడు. వచ్చే మంగళవారం ఇంటర్వ్యూ ఉన్నది. మీ ప్రార్థనలలో అతన్ని, అతని తల్లిని జ్ఞాపకము చేసుకోండి. ఆమేన్.