ఎలిమినేషన్‌లో న్యాయం

రియాలిటీ పోటీల్లో ఎలిమినేషన్, అంటే వారం వారం ఒకరిని పోటీ నుంచి తప్పించడం, న్యాయంగా జరుగుతోందా అన్నది తీర్పు ఎవరిది, కొలమానం ఏది అనే రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది.

1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’ పాటల పోటీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గాయకుల శ్రుతిలో, లయలో, ఉచ్చారణలో దొర్లిన లోపాన్ని విడమరచి చెప్పేవారు కనుక, వెనుదిరిగినవారికి కారణం తెలిసేది. 2017లో స్టార్ మాలో ప్రారంభమైన తెలుగు ‘బిగ్ బాస్’లో పద్ధతి వేరు. అక్కడ సాధారణంగా ఒకే ఇంట్లో ఉండే పోటీదారులే తమలో కొందరిని నామినేట్ చేస్తారు, అంటే బయటికి పంపదగినవారి జాబితాలో చేరుస్తారు. ఆ జాబితాలోని వారికి ప్రేక్షకులు ఓట్లు వేస్తే, తక్కువ ఓట్లు పొందినవారు నిష్క్రమిస్తారు.

ఒక పల్లెలో సెల్‌ఫోన్‌లో వేసిన ఓటుకూ హైదరాబాదులో వేసిన ఓటుకూ విలువ ఒకటే అయినా, ప్రచారబలం ఉన్నవారికి ఓట్లు కూడగట్టుకోవడం సులువు. ఓటు ఆదరణను కొలుస్తుంది, ప్రతిభను కొలవదు.

కాబట్టి ప్రేక్షకులు మూడు మాటలు గుర్తుంచుకోవాలి. నియమం ముందే తెలియాలి. తీర్పుకు కారణం చెప్పాలి. ఓట్ల లెక్క బయటపెట్టాలి. నియమం, కారణం, లెక్క అనే ఈ మూడూ ఉన్న పోటీలోనే ఓడినవారికి న్యాయం జరుగుతుంది.