"అర్థమైందా?" అంటే "ఆఁ" అనకండి



కొత్త కోడలికి చారు పెట్టే తీరు చెప్పి "తెలిసిందామ్మా?" అంటాం. లెక్క చెప్పి పిల్లవాణ్ణి "అర్థమైందా?" అని గద్దిస్తాం. ఇద్దరూ "ఆఁ" అనే అంటారు. ఎంత తెలిసిందో చారు నోట్లో పోసుకున్నాక గాని బయటపడదు!

పెద్దమండ్యంలో ఉన్న మా చెల్లెలి కూతురు నర్సు చదువు ముగించి, జర్మనీ వెళ్ళాలని ఆ భాష నేర్చుకుంటోంది. అక్కడ పరాయి దేశపు నర్సుకు గుర్తింపు రావాలంటే సాధారణంగా బి-2 స్థాయి దాకా జర్మన్ రావాలి. సెలవులకు మా ఇంటికొచ్చి వల్లె వేస్తుంటే నాకూ నాలుగు ముక్కలు పట్టుబడ్డాయి.

మన నువ్వు, మీరు లాగే వాళ్ళకూ డూ, జీ అని ఉన్నాయి. చనువున్నవాళ్ళను "ఫెర్‌ష్టేస్ట్ డూ?" అంటారు. పెద్దవాళ్ళను, కొత్తవాళ్ళను, ఆస్పత్రిలో రోగులను "హాబెన్ జీ దస్ ఫెర్‌ష్టాండెన్?" అని అడగాలి. తేలిగ్గా అడగాలంటే "ఆలెస్ క్లార్?" చాలు. జవాబూ అదే మాట. దక్షిణాన బవేరియా వైపు మాట చివర "గెల్?" అని తగిలిస్తారట, అచ్చం మన "గదా"! "కపీర్ట్?" మాత్రం "బుర్రకెక్కిందా?" లాంటిది. స్నేహితుల మధ్య చెల్లుతుందేమో గాని రోగి మంచం దగ్గర వద్దు.

అసలు చిక్కు జవాబులో ఉంది. జర్మన్లు ఇరవై అయిదును "అయిదూ ఇరవై" అంటారు. అలవాటు లేని చెవికి 25 కాస్తా 52 అయిపోతుంది. "హల్ప్ ద్రై" అంటే మాటకు మాట "అర మూడు". మూడున్నర అనుకుంటాం. కాదు, రెండున్నర! 25 చుక్కల మందు రెండున్నరకు వేయమంటే "యా, యా" అని తలూపి, 52 చుక్కలు మూడున్నరకు వేస్తే ఆ రోగి గతేమిటి, మన పిల్ల గతేమిటి? పైగా మనం ఔనని తల పక్కకు ఆడిస్తే వాళ్ళకు కాదన్నట్టు కనబడవచ్చు.

అందుకని "హాబె ఇష్ దస్ రిష్టిష్ ఫెర్‌ష్టాండెన్?" అన్న మాట ముందు నోటికి రావాలి. నేను సరిగా అర్థం చేసుకున్నానా అని దాని భావం. ఆ వెంటనే విన్న అంకెను తిరిగి అప్పజెప్పాలి. అసలే తెలియకపోతే "నొఖ్ ఐన్‌మాల్, బిట్టె", ఇంకొక్కసారి చెప్పండి అని.

మన ఆడపిల్లలకు ఇదే కష్టం. రెండోసారి అడిగితే బడిలో "చెవులెక్కడ పెట్టుకున్నావ్?" అంటారు, అత్తగారింట్లో "ఇదీ తెలీదా?" అంటారు. "ఆఁ" అనడం మనమే నేర్పాం. మా పిల్ల మొదట్లో "మళ్ళీ అడిగితే మొద్దు అనుకోరా పెద్దమ్మా?" అంది. అనుకుంటే అనుకోనీ, రోగి బతుకుతాడు అన్నాను. ఇప్పుడు నేను కాగితం చూసి గంటలూ చుక్కలూ చదువుతాను. తను తిరిగి చెబుతుంది. "హల్ప్ ద్రై" దగ్గర ఇంకా ఒక క్షణం ఆగుతోంది. ఆగనీ.