పిల్లలకు చవక ట్యాబులు: కొనేముందు సంఘం అడగవలసిన ప్రశ్నలు

(పాల ఉత్పత్తిదారుల సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠం)



ఈ మధ్య మేము తనిఖీకి వెళ్ళిన సంఘాల మినిట్సు పుస్తకాలలో ఒక తీర్మానం తరచు కనబడుతున్నది. సభ్యుల పిల్లల చదువు కోసం సంఘం సొమ్ముతో ట్యాబులు కొనవలెనని దాని సారాంశం. ఉద్దేశం మెచ్చుకోదగినదే. అయితే గేదెను కొనేటప్పుడు మనం ధర ఒక్కటే చూడము. ఎన్నో ఈత, పూటకెన్ని లీటర్లు, ఇంట మేత ఉన్నదా అని విచారిస్తాము. ట్యాబుకు కూడ అటువంటి విచారణే కావాలి.

చవక ట్యాబు మన దేశానికి కొత్త కాదు. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ‘ఆకాశ్’ను విడుదల చేసింది. దానిని మన హైదరాబాదులోనే బిగించారు. ప్రభుత్వానికి పడిన ధర సుమారు 2,250 రూపాయలు. కాని దాని 7 అంగుళాల తెరను వేలితో గట్టిగా నొక్కవలసి వచ్చేది. పని నెమ్మది. బ్యాటరీ త్వరగా దిగిపోయేది. 2012 నవంబరు 11న మెరుగుపరచిన ‘ఆకాశ్ 2’ వచ్చింది. విద్యార్థికి 1,130 రూపాయలకే ఇస్తామన్నారు. అయినా ఆ పథకం ఆశించినంత దూరం సాగలేదు. ధర తగ్గినంత మాత్రాన చదువు రాదు.

ఇక్కడ మా తప్పు కూడ చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక సంఘం పది ట్యాబులు కొన్నది. మేము తనిఖీ చేశాము. కొటేషన్లున్నవి, వోచరున్నది, స్టాకు రిజిస్టరులో నమోదైనది. సంతకం చేసి వచ్చాము. మరుసటి ఏడు వెళ్ళి చూస్తే పదీ బీరువాలో ఉన్నవి. మొదటి నెలలోనే రెండింటి తెరలు పగిలినవట. మిగిలినవీ పగులుతాయని తాళం వేశారు. లెక్క సరిపోయింది, చదువు మాత్రం జరుగలేదు. ఏ పిల్ల ఏ పాఠం చూచిందని మొదటి తనిఖీలో మేము ఒక్క మాట అడగలేదు.

కనుక సర్వసభ్య సమావేశంలో చేయి ఎత్తేముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఈ ఖర్చుకు మన బైలాలలో వీలున్నదా?

2. చెడితే బాగుచేసేవారు దగ్గరి పట్నంలో ఉన్నారా? మరమ్మతుకు సొమ్ము విడిగా ఉంచామా?

3. పాఠాలు పిల్లల తరగతికి తగినవేనా, తెలుగులో ఉన్నవా? కేంద్ర ప్రభుత్వపు ‘దీక్ష’ యాప్‌లో పాఠాలు ఉచితం. సిగ్నలు ఉన్నచోట ఒకసారి దింపుకొంటే తరువాత నెట్ లేకున్నా చూడవచ్చు.

4. పిల్లల వద్ద కూర్చునేదెవరు? 2020లో బడులు మూతపడినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి టీవీలో పాఠాలు చెప్పారు. టీవీ ఉన్న ఇంటి పిల్లలు విన్నారు. కాని సందేహం వస్తే టీవీని అడగలేరు గదా! ఊరిలో చదువుకొన్న యువతీ యువకులెవరైనా రోజూ గంటసేపు కూర్చుంటే ట్యాబుకు విలువ వస్తుంది.

ఇంటికొకటి పంచడం కంటె నాలుగైదు కొని, సాయంత్రం పాల సేకరణ ముగిసిన తరువాత కేంద్రంలోనే పిల్లలను కూర్చోబెట్టడం మేలని మా అభిప్రాయం. ఏ రోజు ఎవరు ఏ పాఠం చూచినదీ ఒక పుస్తకంలో వ్రాయండి.

ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు వోచరుతో పాటు ఆ పుస్తకం కూడ అడుగుతాము. ఒక పిల్లను పిలిచి, ఏమి నేర్చుకొన్నావమ్మా అని కూడ అడుగుతాము.

సెలవు.