ఎక్కడం కాదు, దిగడం నేర్చుకోవాలి

జులైలో ఫ్రాన్స్‌లోని మోర్జీన్‌కి వెళ్తున్నా, గైడ్‌తో మౌంటెన్ బైకింగ్. మన అనంతపురంలో ఏడాదంతా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నేను నేర్చుకున్నదంతా ఎండు గరుసు నేలమీదే. ఆల్ప్స్‌లో వాన పడితే తడి వేర్లు, బురద. పైకి సైకిల్‌తో సహా లిఫ్టే తీసుకెళ్తుంది. దిగడమే మన పని.

అందుకే ఆదివారాలు కదిరి మీదుగా హార్స్‌లీ హిల్స్ వెళ్లి, ఘాట్ రోడ్డులో దిగడం ప్రాక్టీస్ చేస్తున్నా. మొదటిసారి బ్రేకులు వదల్లేదు. కిందికొచ్చేసరికి వేళ్లు మొద్దుబారాయి, డిస్కు ముట్టుకుంటే కాలింది. ఇప్పుడు మలుపుకి ముందే గట్టిగా పట్టి, తర్వాత వదిలేస్తున్నా.

బుకింగ్ ఫారంలో నా స్థాయి 'అడ్వాన్స్‌డ్' అని రాశాను. నిన్న దాన్ని 'ఇంటర్మీడియట్'గా మార్చా. మనల్ని ఏ దారిలో దించాలో గైడ్ ముందుగా చూసేది ఆ మాటే. గొప్పలకి పోతే దెబ్బ తగిలేది మనకే. ఉంటా మరి.